తేనె ఊట కథ

సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మిత్రులు కోరారు. గుళ్ళ గురించీ కోటల గురించీ రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఎక్సైజు శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు కాస్తో కూస్తో తెలిసినది ఊట గురించి. పులిసిన బెల్లపు నీళ్ళను మా శాఖలో ‘ఊట’ అంటాం. సర్వీసులో ఎన్ని డ్రముల ఊట పారబోయించానో లెక్కలేదు. పంచనామాల్లో రాసే వాక్యం ఇప్పటికీ కంఠతా వచ్చు.

అలాంటి నేను 2016లో అమెరికాలోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. రెండో రోజునే నేలమాళిగ గదిలోంచి పరిచయమైన వాసన వచ్చింది. ముక్కు రిటైరు కాదు కదా! వెళ్ళి చూస్తే అలమరలో ఓ గాజు జాడీ, దాని మూతికి వంకర గొట్టం, ఆ గొట్టంలో నీళ్ళు. నీళ్ళలోంచి ఉండుండి ఒక్కొక్క బుడగ పైకి వస్తోంది.

‘‘తేనె, నీళ్ళు, ఈస్ట్. అంతే మామయ్యగారూ. దీన్ని మీడ్ అంటారు. ఇదే మొదటిసారి చేస్తున్నాను’’ అన్నాడు అల్లుడు.

‘‘లైసెన్సుందా బాబూ?’’ అన్నాను అలవాటుగా. అతను నవ్వాడు. అక్కడ అక్కర్లేదట.

అయితే అతనికి అది నచ్చలేదు. పెట్టి మూడు నెలలైంది. రుచి చూస్తే గొంతు మండుతోంది, కిరసనాయిలులా ఉంది, పారబోస్తానన్నాడు. పారబోయడం నాకు అలవాటైన పని. అయినా ఎందుకో ఆగమన్నాను. ఆ ఊళ్ళో మంచి లైబ్రరీ ఉంది, నాకు వేరే పని లేదు. తేనె మద్యం చరిత్ర చదవడం అలా మొదలైంది.

ఇది ఎవరినీ తాగమని రాస్తున్నది కాదని ముందే మనవి చేస్తున్నాను. మన రెండు రాష్ట్రాల్లోనూ లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం నేరం. నేను చెప్పబోయేది చరిత్ర మాత్రమే.

మధువు అనే మాట

సంస్కృతంలో ‘మధు’ అంటే తేనె. అదే మాటకు మత్తునిచ్చే పానీయం అనే అర్థం కూడా ఉంది. ఇంగ్లీషులో మీడ్, లిథువేనియా భాషలో తేనెకు మెదుస్, తేనె మద్యానికి మిదుస్, ప్రాచీన గ్రీకులో మద్యానికి మెథు. ఇవన్నీ ‘మధు’తో ఒకే మూలం నుంచి పుట్టిన మాటలని భాషావేత్తలు తేల్చారు. రష్యనులో నేటికీ తేనెకూ దానితో చేసే మద్యానికీ ఒకటే మాట. మన ‘మద్యం’ మాత్రం ‘మద్’ అనే వేరే ధాతువు నుంచి వచ్చింది.

తెలుగువారి పెళ్ళిళ్ళలో వరుడికి తేనె, పెరుగు కలిపి ఇచ్చే మధుపర్కం మనందరికీ తెలిసిందే. పెళ్ళిబట్టలకు మధుపర్కాలనే పేరు దానివల్లే వచ్చింది. అందులో మద్యం లేదు. కానీ ఇంటికి వచ్చిన గౌరవనీయుడికి మొదట ఇవ్వవలసింది తేనె అనే భావం ఎంత పాతదో ఆ మాట చెబుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఈస్ట్‌కు పెట్టిన పేరు కూడా మధుశిలీంధ్రమే.

తేనె జాడీలో ఉన్నంతకాలం చెడదు. అందులో నీరు సాధారణంగా నూటికి 18 వంతుల లోపే ఉంటుంది. అంత చిక్కని తీపిలో మధుశిలీంధ్రం బతికి పెరగలేదు. కాస్త నీళ్ళు కలిస్తే చాలు, నిద్రలేచి పని మొదలుపెడుతుంది. చక్కెరను తిని మద్యసారాన్నీ బొగ్గుపులుసు వాయువునూ విడుస్తుంది. వాన నీరు పడిన తేనెపట్టును చూసి మనిషి ఈ విద్య నేర్చుకుని ఉంటాడని ఊహించవచ్చు.

చైనాలోని హెనాన్ రాష్ట్రంలో జియాహు అనే చోట తవ్వకాల్లో దొరికిన కుండపెంకులను పరీక్షించి, వాటిలో వరి, తేనె, పండ్లు కలిపి పులియబెట్టిన పానీయం ఆనవాళ్ళు ఉన్నాయని 2004లో ప్రకటించారు. ఆ కుండలు సుమారు 9,000 ఏళ్ళ నాటివి. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత కొలుమెల్లా తన వ్యవసాయ గ్రంథంలో కొలతలే ఇచ్చాడు. ఏళ్ళ తరబడి నిల్వచేసిన వాన నీటిలో తేనె కలిపి, 40 రోజులు ఎండలో ఉంచి, తరువాత పొయ్యి దగ్గరి అటకమీద పెట్టమన్నాడు. లోపల ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు. ఆగాలని మాత్రం తెలుసు.

సురాధ్యక్షుడి కాలం

మా శాఖవారికి మూలపురుషుడు కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఉన్నాడు. ఆయన పేరు సురాధ్యక్షుడు. దుకాణాలు ఎక్కడ ఉండాలి, ఎంత అమ్మాలి, తప్పుచేస్తే జరిమానా ఎంత అనేవన్నీ అందులో ఉన్నాయి. నాకు ఆశ్చర్యం కలిగించినది వేరే నియమం. ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు గృహస్థులు తెల్లసుర చేసుకోవచ్చు. మందుకోసం అరిష్టం చేసుకోవచ్చు. ఉత్సవాలకూ జాతరలకూ నాలుగు రోజుల వెసులుబాటు ఇవ్వాలి. ఇంటి కుండకూ అంగడి కుండకూ తేడా ఉందని ఆ రాజనీతి గుర్తించింది.

ఈ వాక్యాలు చదివినప్పుడు నాకో పాత సంఘటన గుర్తొచ్చింది. ఏజెన్సీ గ్రామం ఒకదానిలో దాడికి వెళ్ళాం. ఓ ముసలమ్మ గుడిసెలో ఇప్పపువ్వు నానబెట్టిన కుండ దొరికింది. ‘‘అయ్యా, ఇది అమ్మేది కాదు, పండక్కి పెట్టుకున్నది’’ అని చేతులు జోడించింది. చట్టంలో పండక్కి వేరే లెక్క లేదు. కుండ పగలగొట్టించాను. డ్యూటీ చేశాననే అనుకున్నాను, ఇప్పటికీ అంతే అనుకుంటాను. కానీ ఆమె అన్న మాట కౌటిల్యుడి గ్రంథంలో ఉందని నాకు అప్పుడు తెలియదు.

మన వైద్యులు మాత్రం ఊటను వదల్లేదు. ద్రాక్షారిష్టం వంటి ఆసవారిష్టాలు మందుషాపుల్లో నేటికీ దొరుకుతాయి. వాటిలో మద్యసారం బయటినుంచి పోసేది కాదు, కుండలోనే పుట్టేది. నెయ్యి పూసిన కుండలో బెల్లమో తేనెో కలిపిన కషాయం పోసి, ధాతకీ పుష్పాలు వేసి, మూతికి గుడ్డ కట్టి, మట్టి మెత్తి నెల రోజుల పాటు ఉంచడం పాత పద్ధతి. ఆసవాలు పాతబడే కొద్దీ గుణం పెరుగుతుందని శార్ఙ్గధర సంహిత చెప్పింది. ఆగమని రోమన్ రైతు చెప్పినదే మన వైద్యుడూ చెప్పాడన్నమాట.

కోడిగుడ్డు పరీక్ష

మధ్యయుగాల యూరపులో ద్రాక్ష పండని చలిదేశాల్లో తేనె మద్యానికి పెద్ద గౌరవం ఉండేది. ఇంగ్లండులో సర్ కెనెల్మ్ డిగ్బీ అనే దొర, రాయల్ సొసైటీ తొలి సభ్యుల్లో ఒకరు, తన స్నేహితుల ఇళ్ళలో ఎవరెవరు ఎలా చేస్తారో అడిగి రాసుకున్నాడు. ఆయన 1665లో చనిపోయాడు. ఆ రాతలు 1669లో పుస్తకంగా వచ్చాయి. అందులో తేనె పానీయాలవే వందకు పైగా పద్ధతులున్నాయి. ఫలానా దొరగారి పద్ధతి, ఫలానా దొరసానిగారి పద్ధతి అని పేర్లతో సహా ఉంటాయి. అంటే ఆనాటికి అది పూర్తిగా ఇంటి విద్యే.

తేనె ఎంత కలపాలో తెలుసుకోవడానికి వాళ్ళకో ఉపాయం ఉండేది. తేనెనీళ్ళలో కోడిగుడ్డు వేస్తారు. గుడ్డు తేలి, చిన్న నాణెమంత మేర పైకి కనబడితే పాకం సరిపోయినట్టు. చదివి నవ్వుకున్నాను. మేము వాడిన హైడ్రోమీటరు చేసే పని కూడా అదే కదా! ద్రవం చిక్కగా ఉంటే పైకి తేలుతుంది, పలచగా ఉంటే మునుగుతుంది. అల్లుడి దగ్గరా ఒకటి ఉంది. మొదట చూసినప్పుడు 1.105 ఉన్నది, ఇప్పుడు 1.000 దగ్గరకు దిగింది. ఆ తేడానుబట్టి సుమారు నూటికి 14 వంతుల మద్యసారం తయారైనట్టు. అంటే మధుశిలీంధ్రం తన పని చేసేసింది. మరి రుచి ఎందుకు రాలేదు?

నాలుగు పాళ్ళు

దీనికి జవాబు పోలండు చరిత్రలో దొరికింది. అక్కడివారు తేనె మద్యాన్ని పాళ్ళనుబట్టి నాలుగు రకాలుగా విభజించారు. ఒక పాలు తేనెకు అరపాలు నీళ్ళు కలిపితే పూతొరాక్. సమపాళ్ళయితే ద్వూయ్‌న్యాక్. ఒకటికి రెండు పాళ్ళ నీళ్ళయితే త్రూయ్‌న్యాక్. ఒకటికి మూడయితే చ్వోర్‌న్యాక్. తేనె ఎక్కువైన కొద్దీ పక్వానికి రావడానికి కాలం ఎక్కువ పడుతుంది. మొదటిదానికి కనీసం మూడేళ్ళు, రెండోదానికి రెండేళ్ళు, మూడోదానికి ఏడాది, నాలుగోదానికి తొమ్మిది నెలలు ఆగాలి. ఈ నాలుగు రకాలనూ 2008లో యూరోపియన్ యూనియన్ సంప్రదాయ ఉత్పత్తులుగా నమోదు చేసింది. ఆగవలసిన గడువు ఇప్పుడు అక్కడ నిబంధన.

అల్లుడి లెక్క వేసి చూశాను. ఒక గాలన్ జాడీలో మూడు పౌన్ల తేనె పోసి మిగతా నీళ్ళు నింపాడు. అంటే తేనె ఇంచుమించు లీటరు, నీళ్ళు మూడు లీటర్లకు కాస్త తక్కువ. పోలండు లెక్కలో అది నాలుగో రకం. ‘‘తొమ్మిది నెలలు ఆగవలసినదాన్ని మూడు నెలలకు రుచి చూస్తే ఎలా బాబూ?’’ అన్నాను. పక్కనే ఉన్న మా ఆవిడ ‘‘తొమ్మిది నెలల సంగతి ఆయనకిప్పుడు తెలిసింది’’ అంది. అందరూ నవ్వారు.

అన్నిచోట్లా ఇలా ఏళ్ళ తరబడి ఆగుతారని కాదు. ఇథియోపియాలో తేజ్ అనే తేనె పానీయాన్ని ఇళ్ళలో, ముఖ్యంగా ఆడవారు, గేషో అనే మొక్క ఆకులూ పుల్లలూ వేసి చేస్తారు. కొన్ని వారాల్లోనే, ఇంకా మబ్బుగా ఉండగానే, బుడ్డివంటి గాజుపాత్రల్లో పోసి అతిథికి ఇస్తారు. గేషో చేదు తీపిని సరిచేస్తుంది. అది ఆ దేశపు పద్ధతి, ఆ రుచికి ఆ గడువే సరి. మన ఇళ్ళలో వారంలో తినే పచ్చడీ ఉంది, ఏడాది నిలవుండే ఆవకాయా ఉంది కదా.

పాశ్చర్ చెప్పింది

పంతొమ్మిదో శతాబ్దం సగం గడిచేదాకా పులియడం అంటే ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒకరికి మంచి మద్యం వచ్చేది, పొరుగింటివారికి వెనిగరు వచ్చేది. అదృష్టం అనుకునేవారు. 1857 నుంచి లూయీ పాశ్చర్ చేసిన పరిశోధనలతో, అది ప్రాణమున్న సూక్ష్మజీవి చేసే పని అని రుజువైంది. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే జాతి ఈస్ట్‌ను విడదీసి పెంచగలిగాడు. ఈరోజు కొత్తగా చేసేవాడు చిన్న పొట్లం ఈస్ట్ కొని జాడీలో వేయగలుగుతున్నాడంటే అది వారి చలవే.

తేనెలో ఒక చిక్కుంది. చక్కెర నిండుగా ఉన్నా, మధుశిలీంధ్రం పెరగడానికి కావలసిన నత్రజని చాలా తక్కువ. బార్లీ ఊటలోనూ ద్రాక్షరసంలోనూ ఆ కొరత అంతగా ఉండదు. అందుకే తేనె ఊట నెమ్మదిగా పులుస్తుంది. ఆకలితో ఉన్న మధుశిలీంధ్రం గొంతు మండించే పదార్థాలను ఎక్కువగా విడుస్తుంది. గది వెచ్చగా ఉంటే అవి ఇంకా ఎక్కువవుతాయి. అల్లుడు వేసవిలో మొదలుపెట్టాడు, ఈస్ట్‌కు ఆహారం వేయలేదు. కిరసనాయిలు రుచికి కారణం అదే.

ఇప్పుడు దీన్ని సరిచేయడానికి అమోనియం ఫాస్ఫేటు వంటి నత్రజని లవణాన్ని తగుమాత్రంగా కలుపుతారని పుస్తకాల్లో చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసేశాను. మన సారా బట్టీల దగ్గర పట్టుబడే నవసాగరం కూడా అమోనియం లవణమే! ఊట తొందరగా పులవాలని దాన్ని వేసేవారు. అక్కడ తూకం లేదు, శుభ్రత లేదు. ఉపాయం ఒకటే. ఒకరు దాన్ని గ్రాముల్లో తూచి వేసి ఏడాది ఆగుతున్నారు. మరొకరు చేతికొచ్చినంత వేసి వారం తిరక్కుండా బట్టీ ఎక్కించారు.

తొందర ఏం చేసింది

నా సర్వీసు సారం ఏమిటని ఎవరైనా అడిగితే ఈ తేడానే చెబుతాను. తేనె మద్యమైనా, గుడుంబా అయినా, నాటుసారా అయినా మొదట తీపి నీళ్ళే. అక్కడిదాకా ఊట ఒకటే. ఊటను దానంతటదే తేటపడనిస్తే ఒక దారి. అడుగున చేరిన మడ్డిని వదిలి పైతేటను వేరే జాడీలోకి ఒంపుతారు, గాలి తగలకుండా మూస్తారు, నెలలు గడిచేకొద్దీ మంట తగ్గుతుంది. పులిసీ పులవకముందే పొయ్యిమీద పెట్టి ఆవిరి పట్టి, పదిరెట్లు జనానికి అమ్మేది రెండో దారి. అందులో ఘాటు ఎక్కువ, ఖర్చు తక్కువ, రాబడి రోజువారీ.

ఆ రెండో దారి మన పల్లెలను ఏం చేసిందో మన తరానికి చెప్పనక్కర్లేదు. మద్రాసు ప్రాంతంలో 1886 నాటి అబ్కారీ చట్టం, నైజాములో 1316 ఫసలీ అబ్కారీ చట్టం, తరువాత రెంటికీ బదులుగా 1968 ఎక్సైజు చట్టం వచ్చాయి. మద్యం ఖజానాకు పెద్ద రాబడి అయింది. కూలిడబ్బులు ఇంటికి చేరని ఆడవారు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురు తిరిగారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు. మా చట్టాలన్నీ కలిసి చేయలేని పనిని ఆ ఆడవారు చీపుర్లతో మొదలుపెట్టారని ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

అమెరికాలోనూ ఈ పెనుగులాట జరిగింది. 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా అక్కడ మద్యనిషేధం ఉంది. అది ఎత్తేశాక ఇంట్లో వైను చేసుకునే వీలు దొరికింది కానీ బీరుకు దొరకలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో దానికీ అనుమతి వచ్చింది. తేనె మద్యం అక్కడ వైను లెక్కలోకి వస్తుంది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల దాకా పన్ను లేదు. అయితే అమ్మకూడదు. బట్టీ పెట్టి సారా దించడానికి ఆ చట్టం అనుమతి ఇవ్వలేదు. ఇంటి కుండను వదిలి అంగడినీ బట్టీనీ అదుపు చేయడమన్నది కౌటిల్యుడి పద్ధతికి దగ్గరగానే కనిపించింది నాకు. అది మన దగ్గర నడుస్తుందా అంటే, నేను చూసిన పల్లెలను తలచుకుని, నడుస్తుందని చెప్పలేను.

మన దేశంలో కూడా తేనె మద్యం మళ్ళీ వచ్చింది. 2018లో పుణె దగ్గర లైసెన్సుతో ఒక తయారీశాల మొదలైంది. తేనెటీగలు పెంచే రైతులకు దానివల్ల మరో గిరాకీ దొరికింది. అది వ్యాపారం, ఇంటి కథ కాదు.

జాడీ ఏమైంది?

అల్లుడు జాడీ పారబోయలేదు. మడ్డి వదిలి తేటను మరో జాడీలోకి ఒంపాడు. నిండుగా నింపి, మూసి, చీటీమీద తేదీ రాసి చీకటి మూలన పెట్టాడు. తొందరపడి సీసాల్లోకి ఎత్తవద్దని నేను కూడా చదివింది చెప్పాను. పులియడం పూర్తికాకముందే బిరడా బిగిస్తే లోపలి వాయువు పెరిగి సీసాలు పేలిపోతాయట. మేము ఇండియా వచ్చేశాం.

సరిగ్గా ఏడాది నిండాక ఫోను చేశాడు. గాజుగ్లాసు కెమెరా ముందు పెట్టాడు. వెనక ఉన్న పుస్తకంలో అక్షరాలు కనిపించేంత తేటగా ఉంది. ‘‘మంట పోయింది మామయ్యగారూ. తీపి లేదు, కానీ తేనె వాసన మిగిలింది. రెండోది పెట్టాను, ఈసారి రెండేళ్ళు కదపను’’ అన్నాడు. మూడు నెలలకే పారబోద్దామన్న కుర్రాడేనా అనిపించింది.

రుచి చూడలేదు కాబట్టి అది ఎలా ఉందో నేను చెప్పలేను. ఫోను పెట్టేశాక మాత్రం ఆ ఏజెన్సీ ముసలమ్మ కుండ గుర్తొచ్చింది. పండక్కి ఇంకా ఎన్ని రోజులుందో ఆరోజు నేను ఆమెను అడగలేదు.